విదేశంలో సేవా కార్యక్రమం: కుర్ర వాలంటీర్లతో మొదటి పది రోజులు ఎలా నడపాలి?

కొత్తబాధ్యత (ప్రశ్న)

నమస్కారమండీ. పద్నాలుగు మంది వాలంటీర్లను ఆరు వారాల సేవా కార్యక్రమానికి వేరే దేశం తీసుకెళ్లే బాధ్యత నాకూ ఇంకో సహోద్యోగికీ అప్పగించారు. అందరూ 16 నుంచి 19 ఏళ్ల లోపువాళ్లే, ఐదుగురు మైనర్లు. అక్కడి స్థానిక సంస్థ ఒక బడికి ప్రహరీ గోడ, మరుగుదొడ్లు కట్టే పని, మొక్కలు నాటే పని ఇస్తోంది. మధ్యాహ్నాలు పిల్లలతో ఆటపాటలు కూడా ఉంటాయంటున్నారు. ఊరు చిన్నది, కాస్త పెద్ద ఆసుపత్రి రెండు గంటల దూరం. ఎండలు ఎక్కువ, మలేరియా ఉన్న ప్రాంతం.

టికెట్లూ వీసాలూ మా సంస్థే చూస్తోంది. నాకు అంతుపట్టనిది దిగిన రోజు నుంచి మొదటి వారం పది రోజులు. ఏది ముందు చెప్పాలి, పని ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతవరకు కట్టడి చేయాలి, ఎక్కడ వదిలేయాలి? "జాగ్రత్తగా చూసుకోండి" అని అందరూ అంటున్నారు. ఎలాగో మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

జట్టునాయకి

ముందు మీ సంఖ్య గురించి. పద్నాలుగు మందికి ఇద్దరు పెద్దలు కాగితం మీద సరిపోతారు. ఆసుపత్రి రెండు గంటల దూరంలో ఉంటే సరిపోరు. ఒక అమ్మాయికి జ్వరం వచ్చి మీలో ఒకరు వెంట వెళ్లారనుకోండి, ఆ రోజంతా మిగిలిన పదముగ్గురూ ఒక్కరి మీదే ఉంటారు. ఆ ఒక్కరికీ విరేచనాలు పట్టుకుంటే జట్టుకు దిక్కు లేదు. మూడో మనిషిని గట్టిగా అడగండి. కుదరదంటే, రాత్రిపూట కూడా మీ బసలోనే పడుకునే స్థానిక వ్యక్తిని ఒకరిని పేరుతో సహా ఒప్పందంలో రాయించుకోండి. జట్టులో అమ్మాయిలూ అబ్బాయిలూ ఉంటే పెద్దల్లోనూ ఆడా మగా ఇద్దరూ ఉండాలి.

వీసా సంస్థ చూస్తోందన్నారు. అయినా ఒక్కటి మీరే అడిగి తెలుసుకోండి: ఏ రకం వీసా? జీతం లేని సేవను కూడా పనిగానే లెక్కగట్టే దేశాలు చాలా ఉన్నాయి, అక్కడ టూరిస్టు వీసా మీద గోడ కట్టకూడదు. ఇమ్మిగ్రేషన్ దగ్గర "ఎందుకొచ్చావు?" అని అడిగితే పదహారేళ్ల పిల్ల ఉన్న నిజం చెప్తుంది, చెప్పాలి కూడా. ఆ నిజానికి వీసా సరిపోకపోతే మార్చాల్సింది వీసాని. పిల్లలకి వేరే జవాబు నేర్పించే పని మాత్రం పెట్టుకోకండి. మైనర్లకు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన, నోటరీ అయిన అనుమతి పత్రం ఉండాలి. అందులో ప్రయాణానికి అనుమతితో పాటు అత్యవసర వైద్యానికి ఎవరు ఒప్పుకోవచ్చో మీ పేర్లతో రాసి ఉండాలి.

ఇక దిగిన రోజు. లెక్కపెట్టడం దగ్గర మొదలుపెట్టండి. ఒక్కొక్కరికీ 1 నుంచి 14 వరకు శాశ్వతంగా ఒక నంబరు ఇవ్వండి. బండి ఎక్కేముందు, ఎక్కాక, దిగాక, దారిలో మరుగుదొడ్డికి ఆగిన చోటు నుంచి కదిలే ముందు ఎవరి నంబరు వాళ్లు వరసగా పలకాలి. "అందరూ వచ్చారా?" అని అడిగితే "వచ్చాం" అనే సమాధానమే వస్తుంది, ఎందుకంటే స్నేహితుడు వెనకాలే ఉన్నాడని ప్రతివాడూ అనుకుంటాడు. నంబర్ల పద్ధతిలో 9 దగ్గర నిశ్శబ్దం వస్తే ఎవరు లేరో అక్కడికక్కడే తెలుస్తుంది. మొదటిరోజు నవ్వుతారు. మూడోరోజుకి వాళ్లే గుర్తుచేస్తారు.

మొదటి రాత్రి పెద్ద ఓరియంటేషన్ పెట్టకండి. నిద్రలేని బుర్రకి ఏమీ ఎక్కదు. ఐదు విషయాలు చాలు: ఏ నీళ్లు తాగాలి, మరుగుదొడ్డి ఎక్కడ, రాత్రి అవసరమైతే మీరు ఏ గదిలో ఉంటారు, మంటలు గానీ భూకంపం గానీ వస్తే ఎక్కడ చేరాలి, గేటు దాటకూడదు. భోజనం పెట్టి పడుకోబెట్టండి. సమయ మండలాలు బాగా మారితే శరీరం సర్దుకోవడానికి దాదాపు మండలానికో రోజు పడుతుంది. అంటే మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, ఆకలి మందగించడం, అర్ధరాత్రి మెలకువ మామూలే. దాన్ని క్రమశిక్షణ సమస్యగా చూడకండి.

రెండోరోజు పొద్దున స్థానిక సంస్థ మనిషితో కలిసి ఊళ్లో నడవండి. బస చిరునామా, మీ నంబరు, ఆ మనిషి నంబరు అక్కడి భాషలో రాసిన కార్డు ఒక్కొక్కరి జేబులో ఉండాలి. ఫోన్‌లో ఉంటే చాలదు, తప్పిపోయినప్పుడే ఫోన్ చార్జింగ్ అయిపోతుంది. కార్డు చూపించి ఒక దుకాణంవాడిని దారి అడగమనండి. అలా అడిగిన పిల్లకి తర్వాత భయం ఉండదు.

నియమాలు రెండు రకాలుగా విడదీయండి. బేరం లేనివి తక్కువ ఉండాలి: మోటారు సైకిల్ ఎక్కకూడదు (వెనక సీటు కూడా), చీకటి పడ్డాక రోడ్డు ప్రయాణం లేదు, పెద్దలు చెప్పకుండా నీళ్లలో దిగకూడదు, మద్యం, మత్తు పదార్థాలు లేవు, స్థానిక పిల్లలతో ఎవరూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. కారణం కూడా చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5 నుంచి 29 ఏళ్ల మధ్యవాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే. పాముల గురించి భయపడే తల్లిదండ్రులు బండి టైర్ల గురించి అడగరు. మీరు అడగండి: ప్రతి సీటుకీ బెల్టు ఉందా, డ్రైవర్ పొద్దున్నుంచి ఎన్ని గంటలు నడిపాడు, సామాను పైన కట్టారా, లోపల కాళ్ల దగ్గర పేర్చారా. విమానం ఆలస్యమై రాత్రి దిగితే విమానాశ్రయం దగ్గరే గది తీసుకునేందుకు డబ్బు బడ్జెట్‌లో ముందే పెట్టించండి. లేకపోతే ఆ రాత్రి అలసటలో "వెళ్లిపోదాం పదండి" అనే నిర్ణయం జరిగిపోతుంది.

మిగతావి (ఎప్పుడు లైట్లు ఆర్పాలి, వంటపాత్రలు ఎవరు తోమాలి, పాటలు ఎంత గట్టిగా పెట్టుకోవాలి) వాళ్లనే కూర్చుని రాసుకోనివ్వండి. సొంతంగా రాసుకున్నదాన్ని వాళ్లే కాపలా కాస్తారు.

బయటికి వెళ్లేటప్పుడు ఇద్దరిద్దరు కాదు, ముగ్గురు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుంటారు, ఒకరు సాయానికి వెళ్తారు. ప్రతి రాత్రీ ఇరవై నిమిషాల సమావేశం పెట్టండి. అది కాకుండా రోజుకు ముగ్గురితో ఐదేసి నిమిషాలు విడిగా మాట్లాడండి, అందరికీ కనపడే చోట, మాట మాత్రం వినపడనంత దూరంలో. ఐదు రోజుల్లో పద్నాలుగు మందీ అయిపోతారు, మళ్లీ మొదటినుంచి. గుంపులో "బానే ఉంది" అన్నవాళ్లే అక్కడ అసలు సంగతి చెప్తారు.

మందులపెట్టె

ఆరోగ్యం సంగతి నేను చెప్తాను. బయల్దేరడానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ట్రావెల్ క్లినిక్‌కి పంపండి, కొన్ని టీకాలకు డోసుల మధ్య ఎడం కావాలి. యెల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడిగే దేశమైతే టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. 2016 జులై 11 నుంచి ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుబాటే.

హెల్త్ ఫారం మీద నమ్మకం పెట్టుకోకండి. ఎంపిక పోతుందన్న భయంతో ఆస్తమా, ఫిట్స్, డిప్రెషన్ మందులు రాయనివాళ్లు ఉంటారు. ఎంపిక ఖరారయ్యాక, తల్లిదండ్రులు పక్కన లేకుండా, విడిగా మళ్లీ అడగండి: "రోజూ వేసుకునే మందు ఏదైనా ఉందా? ఈ మధ్య ఏదైనా మానేశావా?" రెండో ప్రశ్నే ముఖ్యం. కొత్త చోట కొత్త మనిషిలా ఉందామని ప్రయాణానికి ముందే మందు ఆపేస్తారు. దాని ఫలితం సరిగ్గా మీరు అడిగిన ఆ మొదటి పది రోజుల్లోనే బయటపడుతుంది. ఇంకోటి, ఏకాగ్రత లోపానికి వాడే కొన్ని మందులు, గట్టి నొప్పి మాత్రలు కొన్ని దేశాల్లో నిషిద్ధం. ఆ దేశపు ఎంబసీని అడిగి తేల్చుకోండి. మందులన్నీ అసలు పెట్టెల్లో, జెనరిక్ పేరుతో (బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరుతో) రాసిన ప్రిస్క్రిప్షన్‌తో, చేతిసంచిలో రావాలి. తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్ల దగ్గర ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్లు రెండు, ఎప్పుడూ ఒంటి మీదే. సూట్‌కేసులో ఉన్నది లేనట్టే.

మలేరియా మాత్రలు రాత్రి భోజనం దగ్గర మీ కళ్లముందు వేసుకోవాలి, మీరు పట్టికలో టిక్ పెట్టాలి. ఎవరికి ఏ మందు రాశారో తెలుసుకోండి, నియమాలు వేరువేరు. డాక్సీసైక్లిన్ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక 4 వారాలు వేసుకోవాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ కూడా అప్పుడే మొదలు, తిరిగొచ్చాక 7 రోజులు చాలు. మెఫ్లోక్విన్ వారానికొకటి, కనీసం రెండు వారాల ముందు మొదలవ్వాలి. అది కొందరిలో పీడకలలు, ఆందోళన తెస్తుంది, ఇంటి బెంగ అనుకుని పొరబడతారు. డాక్సీసైక్లిన్ వేసుకున్నవాళ్లకి ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని కనీసం అరగంట పడుకోకూడదు, లేకపోతే గొంతులో మంట, పుండు. పడుకునే ముందు గుటుక్కున మింగేసే అలవాటు అందుకే మాన్పించాలి. మాత్రలు సక్రమంగా వేసుకున్నా మలేరియా అసలు రాదని కాదు. వెళ్లిన వారం తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష. డెంగీ కాదని తేలేదాకా ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వద్దు, పారాసిటమాల్ ఒక్కటే.

విరేచనాలు తప్పవు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మనిషికి ఆరు చొప్పున పట్టుకెళ్లండి. లీటరు ప్యాకెట్ అని రాసి ఉంటే కచ్చితంగా లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరు సీసాలో మొత్తం పోసేస్తే ఉప్పు ఎక్కువై మేలు బదులు కీడు చేస్తుంది, కుర్రాళ్లు చేసేది సరిగ్గా అదే. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటికి తలకొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. మలంలో రక్తం, గట్టి జ్వరం, తాగింది తాగినట్టు వాంతి అవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం... వీటిలో ఏది కనిపించినా బండి తీయించండి, తెల్లవారేదాకా చూద్దామనుకోకండి.

నీళ్లు తెర్లి మరిగాక ఒక నిమిషం, 2,000 మీటర్ల పైన ఎత్తులో మూడు నిమిషాలు. పళ్లు తోముకోవడానికీ అవే నీళ్లు. ఐస్ ముక్కలు వద్దు.

కుక్క, కోతి, పిల్లి, గబ్బిలం కరిచినా గీరినా, సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి. అదే రోజు రేబిస్ టీకా మొదలవ్వాలి, ముందు టీకా వేసుకోనివాళ్లకి గాయాన్ని బట్టి ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలి. టీకా చిన్న ఊళ్లలో దొరకవచ్చు, ఇమ్యునోగ్లోబులిన్ చాలా చోట్ల దొరకదు. ఎక్కడ ఉందో వెళ్లకముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఏడు రోజుల ఎడంతో రెండు డోసుల ముందస్తు టీకా వేయిస్తే కరిచిన తర్వాత ఇమ్యునోగ్లోబులిన్ అవసరం ఉండదు, టీకా డోసులు మాత్రం వేయించాలి. మీలాంటి మారుమూల ఊరికి అది దండగ ఖర్చు కాదు. పిల్లలు ఈ గీతల్ని దాచేస్తారు, ఎందుకంటే కుక్కపిల్లని ముట్టుకోవద్దని మీరే చెప్పి ఉంటారు. కాబట్టి మొదటిరోజే మాట ఇవ్వండి: కరిచిందని చెప్తే తిట్టం.

పారాపలుగూ

పని గురించి ఎవరూ ఎత్తలేదు, అసలు దెబ్బలు తగిలేది అక్కడే.

అన్నిటికంటే ముందు ఇన్సూరెన్స్ పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. మామూలు ట్రావెల్ పాలసీలు శారీరక శ్రమ, ఎత్తు మీద పని, కరెంటు పనిముట్లు వాడటం వంటివాటిని తరచూ పక్కన పెడతాయి. గోడ మీద నుంచి పడినవాడి బిల్లు అక్కడ ఆగిపోతుంది. వైద్యం కోసం వేరే చోటికి తరలించే ఖర్చు ఉందా, చేర్పించే ముందు ఏ నంబరుకి ఫోన్ చేయాలి అన్నవి కూడా అదే కూర్చోవడంలో చూసుకోండి.

ఎండ. చల్లటి చోటు నుంచి వచ్చిన ఒంటికి వేడి అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. వేడిలో పనికి కొత్తగా చేరేవాళ్లకి వాడే లెక్క ఒకటుంది: మొదటిరోజు పూర్తి పనిలో 20 శాతం, తర్వాత రోజుకి ఇంకో 20 శాతం మించకుండా పెంచాలి. ఐదు గంటల పని పెట్టుకుంటే మొదటిరోజు ఒక్క గంట, రెండోరోజు రెండు, ఐదోరోజుకి పూర్తి. మీ పిల్లలు ఒప్పుకోరు, మొదటిరోజే గోడంతా కట్టేయాలని ఉంటుంది. స్థానిక మేస్త్రీలు పక్కన తొణకకుండా పనిచేస్తుంటే పౌరుషం ఇంకా పెరుగుతుంది. ఆపాల్సింది మీరే. పావు గంటకో ఇరవై నిమిషాలకో ఒక కప్పు, అంటే 240 మిల్లీలీటర్ల నీళ్లు. గంటకు లీటరున్నర దాటించకూడదు, వట్టినీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోతుంది. తడబడుతూ నడవడం, అడిగినదానికి పొంతన లేని జవాబు, ఊరికే కోపం... ఇవి వడదెబ్బ. బండి వచ్చేదాకా ఆగకండి. నీడలోకి లాగి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ, విసురుతూ ఉండండి. అక్కడ మొదటి నిమిషాలే లెక్క. ఈ పనికి రెండు బకెట్ల నీళ్లు ఎప్పుడూ సైట్లో నింపి ఉంచండి, కాంక్రీటుకి వాడేయకుండా.

సిమెంటు. తడి సిమెంటు గట్టి క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. మోసం ఏమిటంటే వెంటనే నొప్పి ఉండదు. తడి కాంక్రీటులో మోకాళ్ల మీద కూర్చుని పొద్దుటంతా పనిచేసినవాడికి సాయంత్రం ఫ్యాంటు విప్పితే గానీ చర్మం లేచిపోయిందని తెలియదు. నీళ్లు ఇంకని చేతి తొడుగులు, రబ్బరు బూట్లు, పొడవు చేతుల చొక్కా. బూటు లోపలికి సిమెంటు పోయిందంటే పని ఆపి బూటు విప్పాలి. పొడి సిమెంటు అంటుకుంటే ముందు దులిపి తర్వాత కడగాలి, తడిదైతే నేరుగా పారే నీళ్లతో 20 నిమిషాలు. కంట్లో పడితే అదే 20 నిమిషాలు, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి.

గోతులు. మరుగుదొడ్లన్నారు కాబట్టి చెప్తున్నాను: 1.2 మీటర్ల కన్నా లోతైన గోతిలోకి వాలంటీర్ దిగకూడదు, అక్కడితో చర్చ లేదు. ఒక ఘనమీటరు మట్టి టన్నున్నర దాకా తూగుతుంది, అంచు విరిగితే నడుం లోతు మట్టిలోంచి కూడా మనిషిని లాగలేరు. తవ్విన మట్టిని అంచు మీదే కుప్ప పోయనివ్వకండి, కనీసం 60 సెంటీమీటర్లు వెనక్కి వేయించండి. వాడకంలో ఉన్న పాత గోతిలోకి ఎవరూ తల కూడా పెట్టకూడదు, విషవాయువులు ఉంటాయి. ఒకడు పడితే కాపాడబోయి రెండోవాడూ పోతాడు.

పార, పలుగు ఆడించేటప్పుడు మనిషికీ మనిషికీ మధ్య రెండు చేతుల దూరంతో పాటు పనిముట్టు పొడవంత ఎడం ఉండాలి. చెప్పులతో సైట్లోకి వచ్చినవాళ్లని వెనక్కి పంపండి. మేకు గుచ్చుకుంటే, చివరి టెటనస్ టీకా ఐదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించాలి. ఆ తేదీలన్నీ మీ పట్టికలో ఉండాలి, గాయమైనప్పుడు ఎవరికీ గుర్తురావు.

చివరగా, కొంచెం చేదుగా ఉన్నా చెప్తాను. ఇటుక వరసలు కట్టడం నైపుణ్యం. అలవాటు లేని చేతులు కట్టిన గోడని సాయంత్రం పిల్లలు వెళ్లాక మేస్త్రీ విప్పి మళ్లీ కట్టుకోవాల్సి వస్తే అది సేవ కాదు. మేస్త్రీకి ముగ్గురు నలుగురు చొప్పున ఇచ్చి ఆయన చెప్పింది చేయించండి: ఇసుక జల్లించడం, చేతి నుంచి చేతికి ఇటుకలు అందించడం, మాలు (ఇసుక, సిమెంటు, నీళ్ల మిశ్రమం) కలపడం, కట్టిన గోడని కనీసం ఏడు రోజులు తడపడం. చప్పగా ఉంటుంది, కానీ గోడ నిలవడానికి తడపడమే కావాలి. మీ పిల్లలు రావడం వల్ల ఊళ్లో కూలీలకి ఆ రోజు పని పోతోందా అని కూడా స్థానిక సంస్థని సూటిగా అడగండి. మొక్కలకైతే మీరు వెళ్లాక నీళ్లు పోసేది ఎవరో పేరు తెలిసేదాకా గుంత తీయకండి.

కొత్తబాధ్యత

చాలా చాలా థాంక్సండీ, అందరికీ. పాలసీ తీసి చూశాను, శారీరక శ్రమ నిజంగానే మినహాయింపుల్లో ఉంది. సంస్థకి రాశాను.

ఇంకో మూడు సందేహాలు. ఫోన్లు తీసేసుకోవాలా? రెండోరోజే ఎవరైనా "ఇంటికెళ్లిపోతా" అంటే ఏం చేయాలి? మూడోది, "మధ్యాహ్నాలు పిల్లలతో" అంటే ఏమిటని అడిగితే అది బడి కాదట, అనాథాశ్రమమట. పర్వాలేదా?

జట్టునాయకి

ఫోన్లు: పని గంటల్లోనూ భోజనాల దగ్గరా ఒక పెట్టెలో, మిగతా సమయం వాళ్ల దగ్గర. నేనైతే మొదటి మూడు రోజులు రాత్రి అరగంట మాత్రమే ఇవ్వాలంటాను. ఇంటికి వీడియో కాల్ చేసిన ప్రతిసారీ బెంగ మళ్లీ మొదటికొస్తుంది.

"వెళ్లిపోతా" అన్నవాళ్లకి "సరే, నచ్చకపోతే ఆదివారం పంపించేస్తాం" అని మాత్రం అనకండి. తల్లిదండ్రులకీ ఇది ముందే చెప్పండి. అలా అంటే ఆదివారం కోసం రోజులు లెక్కపెట్టడమే మిగులుతుంది, ఇక్కడ కుదురుకునే ప్రయత్నం ఆగిపోతుంది. బెంగ సహజమని ఒప్పుకుని, చేతికి నిర్దిష్టమైన పని ఇవ్వండి: వంటింట్లో సాయం, పనిముట్ల లెక్క. మామూలు బెంగ పగలు పనిలో తగ్గి, రాత్రి, తెల్లవారుజామున పెరుగుతుంది. పగలూ రాత్రీ ఒకేలా ఉండి, వరసగా భోజనాలు మానేసి, మంచం దిగకపోతే అది వేరే సంగతి, డాక్టరుతో మాట్లాడించండి. తనకు తాను హాని చేసుకునే మాట వస్తే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకూడదు, ఇంటికీ డాక్టరుకీ ఆ గంటలోనే ఫోన్. వెనక్కి పంపాల్సి వస్తే నిర్ణయం ఎవరిది, టికెట్ ఖర్చు ఎవరిది, మైనర్ వెంట ఎవరు వెళ్తారు అన్న మూడూ బయల్దేరకముందే కాగితం మీద ఉండాలి.

దస్తావేజు

ఫోన్ల విషయంలో జట్టునాయకి గారితో నేను ఏకీభవించను. తప్పిపోయినప్పుడు, ఎవరైనా వేధిస్తున్నప్పుడు పిల్ల చేతిలో ఉన్న ఏకైక ఆధారం అదే. ఆ వేధించేది జట్టులో మనిషే అయితే? ఫోన్ పెట్టె తాళం ఉన్న పెద్దమనిషే అయితే? అందుకే ప్రతివాళ్ల దగ్గరా మీ ఇద్దరి నంబర్లే కాకుండా, జట్టుతో రాని, సంస్థలోని మూడో వ్యక్తి నంబరు ఉండాలి. ఎవరి అనుమతీ అడగకుండా దానికి ఫోన్ చేయవచ్చని మీరే అందరి ముందూ చెప్పాలి. వాడకం తగ్గించాలంటే భోజనాల దగ్గర వద్దని చెప్పండి, అంతవరకే.

పాస్‌పోర్టులూ అంతే. భద్రంగా ఉండే పెట్టె ఇవ్వండి, ఎవరు పెట్టారో ఎవరు తీసుకున్నారో సంతకంతో రాయించండి. 18 నిండినవాళ్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే అది వాళ్ల హక్కు.

ఒక ప్రమాదం జరిగిన మొదటి గంటకి మాత్రం ఫోన్ నియమం ఉండాలి: కుటుంబానికి మీరు చెప్పేదాకా ఎవరూ ఏదీ పోస్ట్ చేయకూడదు, మెసేజ్ పెట్టకూడదు. తల్లిదండ్రులకి ఇంటి దగ్గర ఒకే ఒక్క మనిషిని పెట్టి, రెండు రోజులకోసారి ఒకే వేళకి నాలుగు లైన్లు పంపించండి. వేళ మారితే పద్నాలుగు కుటుంబాలు కంగారుపడతాయి కాబట్టి నిలబెట్టుకోగలిగిన వేళే పెట్టుకోండి.

అనాథాశ్రమానికి వద్దనే చెప్పండి. అక్కడున్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు, పేదరికం వల్ల అక్కడ చేరినవాళ్లే ఎక్కువ. సందర్శకులు, విరాళాలు వచ్చే కొద్దీ పిల్లల్ని ఇంటినుంచి తెచ్చి చేర్చే వ్యాపారం కొన్ని దేశాల్లో బయటపడింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల్లో ఇలాంటి వాలంటీర్ కార్యక్రమాల వల్ల కలిగే హాని గురించి ప్రస్తావించింది. ఆరు వారాలు ఎత్తుకుని ముద్దుచేసి వెళ్లిపోయే జట్లు ఒకటి తర్వాత ఒకటి వస్తే, ఆ పిల్లకి ప్రతిసారీ ఒక విడిచిపెట్టడమే. పైగా మీ వాళ్లకి ఏ శిక్షణా లేదు.

స్థానిక సంస్థ నొచ్చుకోకుండా ఇంకో పని అడగండి: బడి గ్రంథాలయం సర్దడం, ఆటస్థలం బాగుచేయడం, ఉపాధ్యాయులు ఉన్న తరగతిలో వాళ్ల ఆధ్వర్యంలో సాయం. ఎక్కడైనా ఇవి తప్పనిసరి: పిల్లలకి స్నానం, మరుగుదొడ్డి సాయం మీ వాళ్లు చేయకూడదు. విడివిడిగా కానుకలు, ఫోన్ నంబర్లు ఇవ్వకూడదు. బడి, తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ముఖం కనపడే ఫోటో తీయకూడదు, ఊరి పేరుతో అసలు పెట్టకూడదు.

మందులపెట్టె

ఒకటి మర్చిపోయాను. మీ ఇద్దరిలో ఒకరు జట్టు కన్నా రెండు రోజుల ముందు వెళ్లి, బస నుంచి ఆ ఆసుపత్రికి నిజంగా ఒకసారి బండిలో వెళ్లి చూడండి. "రెండు గంటలు" అంటే వర్షంలోనా, పొడి రోడ్డు మీదా? రాత్రి డ్యూటీలో డాక్టరు ఉంటాడా, కాంపౌండరేనా? చేర్చుకోవడానికి ముందు డబ్బు కట్టాలా, కార్డు తీసుకుంటారా, నోట్లే కావాలా? బస దగ్గర రాత్రి పదకొండుకి కూడా వచ్చే బండి ఎవరిది, ఆ డ్రైవర్ ఫోన్ ఎత్తుతాడా? రాత్రి ఒకసారి ఆ నంబరుకి ఫోన్ చేసి చూడండి. ఎత్తకపోతే రెండో బండి మాట్లాడుకోవడానికి మీకు ఇంకా ఒక రోజు ఉంటుంది.